8 మందికి ఒకే గది, ప్రెస్సు లేదు: ఉమ్మడి ప్రింట్‌మేకింగ్ ఎక్కడ మొదలుపెట్టాలి?

కాకినాడ_గోడ

అందరికీ నమస్కారం అండి. కాకినాడలో మేం 8 మందిమి. నలుగురు ఫైన్ ఆర్ట్స్ చదివినవాళ్ళు, ఇద్దరు సైన్‌బోర్డులు రాసేవాళ్ళు, ఒక డ్రాయింగ్ టీచరు, ఒక ఫ్లెక్సీ డిజైనరు. తలా నెలకి 400 వేసుకుని ఓ ఇంటి మేడ మీద 12×14 అడుగుల రేకుల గది తీసుకున్నాం. అద్దె, కరెంటు కలిపి 2,500 పోను నెలకి 700 మిగులుతుంది. ఇప్పుడు చేతిలో 11,000 ఉంది.

అడగాలనుకున్నవి ఇవి. ఎచింగ్ ప్రెస్సు (చెక్కిన లోహపు రేకు నుంచి కాగితం మీదికి అచ్చు తీసే యంత్రం) కోసం ఏడాది పాటు డబ్బు దాచుకుందామని కొందరు, ఈలోపు ఏదో ఒకటి చేద్దామని కొందరు అంటున్నారు. ఎవరి మాట వినాలి? కాగితం, ఇంకు ఉమ్మడిగా కొనాలా, ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలా? మూడోది అసలు భయం: ఇలాంటి గదులు మూడు నెలలకి ఖాళీ అయిపోతాయంటారు. అది జరగకుండా మొదట్లోనే ఏం కట్టుదిట్టం చేసుకోవాలి?

ఉలిబద్దె

ప్రెస్సు కోసం దాచుకోవద్దు. ఏడాది పాటు పనేమీ లేకుండా చందా కట్టే ఓపిక ఎవరికీ ఉండదు, గది ఖాళీ అయ్యేది అక్కడే. లినోకట్‌కి, అంటే లినోలియం పలక మీద బొమ్మ చెక్కి ఇంకు పూసి కాగితం మీద అచ్చు తీసే పద్ధతికి, ప్రెస్సు అక్కర్లేదు, గరిటె చాలు.

మొదటి పనిగా ఎక్స్‌ఛేంజ్ సెట్టు పెట్టుకోండి. అంటే 8 మందీ ఒకే సైజులో తలో బ్లాకు చెక్కి, తలా 10 మంచి అచ్చులు తీసి మధ్యలో పెట్టడం. 8 మందికీ తలో పూర్తి సెట్టు, గదికి 1, అమ్మకానికి 1. ఎవరు తక్కువ గీసినా ఎక్కువ గీసినా చివరికి అందరి చేతిలో 8 బొమ్మలుంటాయి. గడువు పెట్టుకోండి, 6 వారాలు మించొద్దు. ఒక్కరు ఆలస్యం చేస్తే మిగతా ఏడుగురి సెట్టూ ఆగుతుంది కాబట్టి ఆ ఒక్కరి ఇంటికి మిగతావాళ్ళే వెళ్ళి కూర్చుంటారు. ఏ చందా రసీదూ ఆ పని చెయ్యలేదు.

కాగితం లెక్క: 22×30 అంగుళాల ఫుల్ షీటుని నాలుగు చేస్తే 11×15 ముక్కలు నాలుగొస్తాయి. 8×10 అంగుళాల బ్లాకుకి చుట్టూ అంచు వదలడానికి అది సరిపోతుంది. 10 మంచివి రావాలంటే తలా 13 ముక్కలు ఇవ్వాలి, మొదటి రెండు మూడు ఎప్పుడూ పోతాయి. 8×13 అంటే 104 ముక్కలు, 26 షీట్లు. కత్తెరతో కొయ్యకుండా స్టీలు స్కేలు అదిమిపెట్టి చింపితే అంచు చేతికాగితం అంచులాగే వస్తుంది.

ఇంకు: ఆఫ్‌సెట్ ప్రెస్సులకి అమ్మే నలుపు కిలో డబ్బా ఒకటి. 80 మంచి అచ్చులూ, పాడైనవీ కలుపుకున్నా పావుకిలో లోపే అవుతుంది. డబ్బాలోకి కత్తి దించి గుంట తియ్యకూడదు. పైనుంచి సమంగా గీరి తీసి, మళ్ళీ పాలిథిన్ కవరు గాలి లేకుండా అద్ది మూత పెట్టాలి. గుంట పడితే గాలి తగిలే చోటు ఎక్కువై పైన తోలు కడుతుంది, ఆ తోలు ముక్కలు రోలర్‌కి పట్టుకుని ప్రతి అచ్చులోనూ పురుగుల్లా కనిపిస్తాయి. ఇంకు మరీ జిగటగా ఉంటే చెంచాడు ఇంకుకి మూడు నాలుగు చుక్కలు అవిసె నూనె. అంతకు మించితే గీతల పక్కకి కారుతుంది.

ఇంకు పరిచే పలకకి గాజు కొనక్కర్లేదు. వంటింటి గట్టు కోసిన చోట మిగిలే పాలిష్ గ్రానైటు ముక్క అడిగితే ఇస్తారు. నలుపుకి అది బాగుంటుంది. రంగులకి మాత్రం గాజు కింద తెల్లకాగితం పెట్టుకోవాలి, నల్లరాయి మీద రంగు ఎంత చిక్కగా ఉందో తెలియదు. రోలర్ తిప్పేటప్పుడు చెవి పెట్టి వినండి. చపచపమంటే ఇంకు ఎక్కువైంది. పట్టుబట్ట నలిపినట్టు సన్నగా సరసరమంటే బ్లాకు మీదికి వెళ్ళొచ్చు.

సైన్‌బోర్డు రాసేవాళ్ళున్నారు కాబట్టి ఒక మాట. అక్షరాలు తిరగేసి చెక్కాలని అందరికీ తెలుసు, ట్రేసింగ్ తిప్పి అద్దేస్తారు. దెబ్బ తినేది థ లోపలి చుక్క, ధ కింద ఒత్తు గీత. లినోలో ఒకటిన్నర మి.మీ. కన్నా సన్నగా వదిలితే పదో అచ్చుకి ఊడిపోతాయి, ధనం కాస్తా దనం అయిపోతుంది. చెక్కగా మిగిలిన గీత గట్టు కిందికి వెళ్ళేకొద్దీ వెడల్పయ్యేలా ఉలిని బయటికి వాల్చి చెక్కండి, నిట్టనిలువుగా కాదు.

రెల్లు_పేపర్

ఉలిబద్దె గారి లెక్క సరైనదే కానీ ఒక్క ముక్క వదిలేశారు, కాగితం మందం. ఫుల్ షీటు హ్యాండ్‌మేడ్ అనగానే కొట్లో 200 జీఎస్సెమ్ (చదరపు మీటరుకి గ్రాములు) పైది చేతిలో పెడతారు. అది ప్రెస్సుకి. గరిటెతో రుద్దితే ఆ మందం దాటి ఒత్తిడి కిందికి దిగదు, భుజం పడిపోతుంది, అచ్చు మాత్రం ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలతో వస్తుంది. చేత్తో తీసేటప్పుడు 60 నుంచి 100 జీఎస్సెమ్ లోపు, నునుపు వైపు కింద. ముందు ఒకే షీటు కొని నలుగురు నాలుగు ముక్కల మీద చూడండి, తర్వాతే 26.

రుద్దే పద్ధతి: కాగితం మీద ఒక బటర్ పేపరు వేసి, దాని మీద స్టీలు గరిటె వెనక భాగం. నేరుగా రుద్దితే కాగితం నూగు లేస్తుంది. ముందు అరచేత్తో మధ్యనుంచి అంచులకి అద్దాలి, అప్పుడు కాగితం ఇంకుకి అతుక్కుని జరగదు. తర్వాత గరిటెతో చిన్న చిన్న సున్నాలు చుట్టుకుంటూ. 8×10 బ్లాకుకి 10 నుంచి 15 నిమిషాలు పడుతుంది, తొందరపడితే నల్లటి పెద్ద భాగాలు మచ్చలుగా మిగులుతాయి. ఒక మూల గట్టిగా పట్టుకుని ఎదుటి మూల లేపి చూసి, పలచగా ఉన్నచోట మళ్ళీ రుద్దొచ్చు. ప్రెస్సుతో ఈ సౌకర్యం ఉండదు.

కాగితం ప్రతిసారీ ఒకేచోట పడాలంటే బల్ల మీద ఓ అట్ట అతికించి, బ్లాకు మూలకి ఒక ఎల్ ఆకారపు పట్టీ, కాగితం మూలకి ఇంకోటి జిగురుతో పెట్టండి. పట్టీ మందం బ్లాకు మందంతో సమానంగా ఉండాలి. తక్కువైతే కాగితం అంచు వంగి బ్లాకు అంచు దగ్గర నల్లటి గీత పడుతుంది.

ఆరబెట్టడం గురించి ఎవరూ ముందు ఆలోచించరు. ఆఫ్‌సెట్ ఇంకు హ్యాండ్‌మేడ్ మీద ఆరడానికి మూడు నుంచి ఏడు రోజులు, ముసురు పడితే ఇంకా ఎక్కువ. 104 కాగితాలు నేల మీద పరిస్తే మీ గదిలో మనిషి నిలబడే చోటుండదు. గోడకీ గోడకీ తీగ కట్టి, రంధ్రమున్న బట్టల క్లిప్పులు ముందే అందులోకి గుచ్చుకోండి. రెండు అచ్చుల వీపులు కలిపి ఒక క్లిప్పు, తీగకి అడ్డంగా వేలాడాలి. రెండు అంగుళాలకి ఒక క్లిప్పు చొప్పున 12 అడుగుల తీగకి 72 క్లిప్పులు, అంటే 144 అచ్చులు. ఫ్యాను నేరుగా తగలకూడదు, ఒకదాని ముఖం ఇంకోదానికి అంటుకుంటుంది.

శుభలేఖ_స్క్రీన్

లినో మంచిదే. కానీ గది అద్దె వచ్చేది సంచీలు, టీషర్టులు, పోస్టర్ల మీద. అవి స్క్రీన్‌తో, అంటే ఫ్రేముకి బిగించిన జాలీలోంచి ఇంకు దింపి వేసేవి. ఎక్స్‌పోజర్ బాక్సు (వెలుతురుతో స్క్రీన్ మీద బొమ్మ దించే పెట్టె), ఫ్రేము బిగించే సామాను మీరు కొనొద్దు. ప్రతి ఊళ్ళోనూ శుభలేఖలు వేసే స్క్రీన్ ప్రింటింగ్ కొట్టుంటుంది, అన్నీ అక్కడే ఉంటాయి. ఆషాఢంలో, మూఢాల్లో ముహూర్తాలుండవు, ఆ రోజుల్లో వాళ్ళ బల్లలు ఖాళీ. అప్పుడెళ్ళి మాట్లాడుకుంటే స్క్రీన్ చేసివ్వడానికీ, మధ్యాహ్నాలు బల్ల వాడుకోనివ్వడానికీ ఒప్పుకుంటారు. మాఘంలో వెళ్తే మీ మొహం కూడా చూడరు.

చెప్పేటప్పుడు స్పష్టంగా చెప్పాలి. కార్డులకి వాళ్ళు వాడేది 120టి (సెంటీమీటరుకి 120 దారాలు) లాంటి సన్న జాలీ. గుడ్డకి 43టి అడగండి, వాటర్ బేస్ ఇంకుతో కాగితం పోస్టర్లకి 77టి నుంచి 90టి. సన్న జాలీతో గుడ్డ మీద వేస్తే ఇంకు సరిగా దిగదు, ముతక జాలీతో కాగితం మీద వేస్తే సన్నగీతలు పూడిపోతాయి. ఫ్రేము లోపల బొమ్మ చుట్టూ కనీసం మూడంగుళాలు ఖాళీ ఉండాలి, లేకపోతే స్క్వీజీ (ఇంకు లాగే రబ్బరు పట్టీ) అంచుల దగ్గర జాలీ వంగక అచ్చు పలచబడుతుంది.

జాలీకీ కాగితానికీ మధ్య 2 నుంచి 3 మి.మీ. ఎడం పెట్టండి, ఫ్రేము మూలల కింద రూపాయి నాణేలు ఒకటో రెండో అతికిస్తే చాలు. స్క్వీజీ 45 డిగ్రీలు వాల్చి ఒకే లాగు. వెంటనే ఫ్రేము కాస్త ఎత్తి, నొక్కకుండా ఇంకుని వెనక్కి పరిచి వదలాలి. అలా పరిచి ఉంచకపోతే కన్నాల్లో ఇంకు ఎండి ఐదో అచ్చుకే గీతలు మాయం. మీది రేకుల గది అన్నారు కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో పని ఉదయం 9 లోపు ముగించండి, వేసేంతసేపూ ఫ్యాను ఆపండి. చెమట కారినా సరే. పిచికారీ సీసాలో నీళ్ళు పక్కనే ఉండాలి, జాలీ కన్నం పూడినట్టు కనిపిస్తే తడిగుడ్డతో కిందివైపు నుంచి ఒక్కసారి తుడిచి, పాత పేపరు మీద రెండు లాగులు లాగి మళ్ళీ మొదలుపెట్టాలి.

గుడ్డకి పిగ్మెంటు, బైండరు. రంగు బైండరులో 5 నుంచి 8 శాతం దాటితే ఉతికినప్పుడు పోతుంది. ఆరాక వెనకవైపు నుంచి ఇస్త్రీ, కాటన్ సెట్టింగులో మూడు నాలుగు నిమిషాలు, ఒక్కచోటే ఆపకుండా. ఇది మానేసి అమ్మితే సంచీ మొదటి తడుపుకే వెనక్కొస్తుంది. కార్డులకి వాళ్ళు వాడే పీవీసీ ఇంకు, థిన్నరు మాత్రం మీ గదిలోకి తేవద్దు. తలుపు వేసిన రేకుల గదిలో ఆ వాసన పీల్చకూడదు. స్క్రీన్ మీద బొమ్మ పడడానికి పూసే ఎమల్షన్‌లో కలిపే బైక్రోమేటు విషం, చర్మానికీ నీళ్ళకీ. మీరే స్క్రీన్ చేసుకునే రోజొస్తే దాని బదులు డయాజో సెన్సిటైజరు అడగండి.

లెక్కలపద్దు

బొమ్మల సంగతి పెద్దలు చెప్పారు. మూడో ప్రశ్నకి నా జవాబు. గదులు మూతపడేది డబ్బు లేక కాదు, కడగని రోలర్ వల్ల.

ముందు సామాను మూడు రకాలుగా విడదీయండి. ఎవరి ఉలి, ఎవరి రోలర్ వాళ్ళదే: తలా ఒక రంగు టేపు చుట్టుకోండి, అడక్కుండా ముట్టుకోకూడదు. ఉలి అంచు ఒకరి చేతికి అలవాటుపడ్డాక ఇంకొకరు ఎండీఎఫ్ (చెక్కపొడి అదిమిన పలక) మీద వాడితే పోయినట్టే. ఇంకు, కాగితం, నూనె, గుడ్డలు ఉమ్మడి, కానీ వాడిన మేరకి లెక్క: గోడకి ఓ నోటుపుస్తకం వేలాడదీసి, కాగితం ఎన్ని ముక్కలు తీసుకున్నారో రాయడం, నెలాఖరుకి కొన్న ధరకే కట్టడం. అందరూ సమానంగా కట్టాలంటే తక్కువ వాడే డ్రాయింగ్ టీచరు ముందు మానేస్తారు, ఎక్కువ వాడేవాళ్ళకి అది కనిపించదు కూడా. మూడోది బల్ల, గ్రానైటు, స్క్రీన్ ఫ్రేముల లాంటి ఉమ్మడి ఆస్తి. వీటికి ఎవరెంత పెట్టారో మొదటి రోజే రాసి 8 సంతకాలు. వెళ్ళిపోయేవాళ్ళకి డబ్బు తిరిగిస్తారా లేదా, ఇస్తే ఏడాదికి ఎంత తరుగు కోస్తారు, అదే కాగితం మీద. స్నేహం బాగున్నప్పుడు రాసుకుంటే పది నిమిషాల పని.

11,000లో 3,000 కదపొద్దు. అది ఒక నెల అద్దెకి, ఎవరైనా ఒకరిద్దరు కట్టలేని నెలకి. కట్టలేనివాళ్ళు ఆ నెల గది ఊడ్చి, రోలర్లు కడిగి, తీగ మీది అచ్చులు సర్దితే చందా చెల్లినట్టే అని ముందే ఒప్పుకోండి. అడుక్కునే పరిస్థితి రాకూడదు.

చీటీ వేద్దామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. వద్దు. చీటీ నడపాలంటే 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం కింద ముందే అనుమతి కావాలి, అదీకాక పాట పెడితే అవసరమున్నవాడే నష్టపోతాడు. ఇద్దరు ముగ్గురి పేర సంతకాలతో జాయింట్ ఖాతా చాలు. గ్రాంట్లకీ, ప్రదర్శన హాళ్ళకీ సంస్థ పేరు కావాల్సి వస్తే అప్పుడు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదు చేసుకోవచ్చు, కనీసం 7 మంది ఉండాలి. మీకు ఒక్కరే ఎక్కువ ఉన్నారు, గుర్తుంచుకోండి.

కడగడం: కిరసనాయిలు వద్దు. ముందు పాత పేపరు మీద రోలర్ దొర్లించి ఇంకు తీసెయ్యండి, తర్వాత కాస్త వేరుశెనగ నూనె, రంపపు పొట్టు చల్లి గుడ్డతో తుడవడం, ఆఖర్న సబ్బునీళ్ళు. రోలర్‌ని రబ్బరు మీద ఆనించి వదిలేస్తే ఒకవైపు చదునుపడుతుంది, కొక్కేనికి వేలాడదీయాలి.

ఇది మాత్రం హాస్యానికి కాదు: అవిసె నూనె, ఇంకు అంటిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేస్తే ఆరుతూ వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. పైన ఎండకి కాగే రేకులు, చుట్టూ కాగితం, కింద ఇంటివాళ్ళు. మూతున్న ఇనప డబ్బాలో నీళ్ళు పోసి అందులోనే వెయ్యండి. చివరగా వెళ్ళేవాళ్ళు ఆ డబ్బా చూసి పుస్తకంలో టిక్కు పెట్టాలి.

ప్రూఫ్_బల్ల

ప్రెస్సు అసలు వద్దన్న మాటకి చిన్న అభ్యంతరం. ఎచింగ్ ప్రెస్సు వద్దు, నిజమే. కానీ సీసం అక్షరాలతో అచ్చేసే, ఇప్పుడు మూతపడ్డ లెటర్ ప్రెస్సుల్లో గ్యాలీ ప్రూఫ్ ప్రెస్సులు (గ్యాలీ అనే రేకు పళ్ళెంలో పేర్చిన అక్షరాల నుంచి పరీక్ష అచ్చు తీసేవి) పాత ఇనుము లెక్కన, తూకానికి పోతున్నాయి. కనిపిస్తే వదలకండి. సీసం అక్షరం ఎత్తు 23.3 మి.మీ., ఆ ప్రెస్సు రోలర్ ఆ ఎత్తుకే అమర్చి ఉంటుంది. 18 మి.మీ. ప్లైవుడ్ మీద 3.2 మి.మీ. లినో అతికిస్తే 21.2 అవుతుంది, ఇంకా 2.1 కావాలి, 0.4 మి.మీ. అట్టలు ఐదు, మిగతా 0.1కి ఒక కాగితం కింద పేర్చాలి. ప్లైవుడ్ 18 అని అమ్మినా కాస్త తక్కువే ఉంటుంది, వెర్నియరుతో కొలిచి లెక్కెయ్యండి. గ్యాలీ రేకు లేకుండా పెడుతుంటే ఆ రేకు మందం కూడా అట్టలతో కలపాలి. కొనేముందు రోలర్ మీద వేలు పోనిచ్చి సొట్టలు చూడండి. తుప్పు వదులుతుంది, సొట్ట వదలదు.

ఒకే ప్రెస్సు చుట్టూ పదిమంది చేరితే ఏమవుతుందో చూడాలంటే మన చిత్తూరు జిల్లా ప్రింట్‌మేకర్ కృష్ణారెడ్డి ఉండేవారు కదా. పారిస్‌లో బ్రిటిష్ కళాకారుడు హేటర్ 1927లో మొదలుపెట్టిన అటెలియే 17 ఉమ్మడి వర్క్‌షాపే, కృష్ణారెడ్డి తర్వాత అందులో కో-డైరెక్టరు అయ్యారు. అక్కడ పుట్టిన విస్కాసిటీ పద్ధతిలో రంగుకో ప్లేటు అక్కర్లేదు. ఒకే ప్లేటుని ఎత్తుపల్లాలుగా చెక్కి, పలచటి నూనె ఇంకుని గట్టి రోలర్‌తో పై అంచులకి, చిక్కటి ఇంకుని మెత్తటి రోలర్‌తో పల్లానికి. నూనె ఉన్నచోట చిక్కటిది అంటదు. మూడు ప్లేట్ల పని ఒక ప్లేటుతో, ఒక్క దెబ్బకి. దానికి ఎచింగ్ ప్రెస్సు కావాలి కాబట్టి మీకు ఇప్పుడే కాదు.

కాకినాడ_గోడ

అందరికీ ధన్యవాదాలండి. రెల్లు_పేపర్ గారు చెప్పినట్టే నిన్న నాలుగు ముక్కల మీద చూశాం, 80 జీఎస్సెమ్. గీతలు బాగా వచ్చాయి కానీ పెద్ద నల్ల భాగంలో మధ్యలో మాత్రం తెల్లచుక్కలు, అంచుల్లో లేవు. ఇంకు పెంచితే సన్నగీతలు పూడిపోతున్నాయి. ఏం చెయ్యాలి?

రెల్లు_పేపర్

మధ్యలోనే అంటే ఇంకు సమస్య కాదు, బ్లాకుది. బ్లాకుని వెలుతురుకి ఎదురుగా పెట్టి పైన స్టీలు స్కేలు నిలబెట్టి చూడండి, మధ్యలో సన్నటి వెలుగు గీత కనిపిస్తే లినో పల్లంగా వంగినట్టే. చుట్టలో నుంచి కోసిన లినో అలాగే ఉంటుంది. కాసేపు ఎండలో పెట్టి మెత్తబడ్డాక చదునైన ప్లైవుడ్‌కి ఫెవికాల్‌తో అతికించి, రాత్రంతా పైన బరువు పెట్టండి. వెలుగు కనిపించకపోతే బ్లాకు కింద ఆ నల్ల భాగం మేరకి మాత్రమే రెండు పొరల న్యూస్‌ప్రింటు కోసి అంటించండి, అంచుల్ని చింపి పలచన చెయ్యాలి, కొయ్యకూడదు. ఇంకు పాత లెక్కకే తగ్గించి, రోలర్‌ని ఆ భాగం మీద నాలుగు దిక్కుల నుంచీ పోనివ్వండి. ఒకే దిక్కున తిప్పితే ఇంకు చారలుగా పడుతుంది.

ఉలిబద్దె

ఇంకోటి, ఆ నాలుగు ముక్కలూ పారెయ్యకండి. వెనక తేదీ, కాగితం మందం, ఇంకులో నూనె చుక్కలెన్నో పెన్సిలుతో రాసి గదికి తీసిపెట్టిన సెట్టుతో పాటు దాచండి. ఆ 80 జీఎస్సెమ్ షీట్లే 26 కొనేటప్పుడు ఒకే కట్టలోవి అడగండి, కట్ట మారితే తెలుపు మారుతుంది, సెట్టులో 8 బొమ్మలు పక్కపక్కన పెట్టినప్పుడు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.